బఫర్డ్ ఫైల్ లైబ్రరీ డాక్యుమెంటేషన్ సరిదిద్దడం ఎలా: సీ మాన్ పేజీలతో సమగ్ర మార్గదర్శి

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండేది. నిమిషానికొక కొలత తీసుకుని లాగ్ ఫైల్‌లో ఒక లైన్ రాయడమే దాని పని. లైన్ పొడవు ఎప్పుడూ 40 బైట్లే. రాత్రి 11 గంటలకు మొదలుపెట్టాం, తెల్లవారుజామున 4 గంటలకు కరెంటు పోయింది. పొద్దున ఫైల్ తెరిచి చూస్తే 300 లైన్లు ఉండాల్సిన చోట 204 ఉన్నాయి. 205వ లైన్ మధ్యలో తెగిపోయింది. మిగతావి అసలు లేవు.

ఫైల్ సైజు చూస్తే సరిగ్గా 8192 బైట్లు. 4096కి రెట్టింపు. అప్పుడు అర్థమైంది: బఫర్, అంటే ఫైల్‌కు వెళ్లేముందు డేటా మెమరీలో పోగయ్యే చోటు, రెండుసార్లు నిండింది, రెండుసార్లు బయటికి వెళ్లింది. మూడోసారి నిండేలోపు కరెంటు పోయింది. దాదాపు గంటన్నర కొలతలు ఫైల్ ముఖమే చూడలేదు. కానీ రాయమన్న ప్రతిసారీ ఫంక్షన్ పని అయిందనే చెప్పింది. మేం వాడిన లైబ్రరీ డాక్యుమెంట్ తెరిస్తే ఆ ఫంక్షన్ గురించి ఒకే వాక్యం: ఇచ్చిన డేటాను ఫైల్‌లో రాస్తుంది. ఎప్పుడు రాస్తుందో అందులో లేదు.

బఫర్డ్ లైబ్రరీల డాక్యుమెంటేషన్‌లో నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం ఈ జాతివే. పచ్చి అబద్ధాలు అరుదు. ఫంక్షన్ తిరిగి వచ్చిన క్షణాన ఆ బైట్ ఎక్కడుందన్న సంగతి మాత్రం చెప్పకుండా వదిలేస్తారు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణకు సీ భాష స్టాండర్డ్ ఐఓ లైబ్రరీని, లైనక్స్‌లో దాని మాన్ పేజీలను (మాన్ కమాండ్‌తో తెరిచే డాక్యుమెంట్లను) తీసుకుంటున్నాను. మీ ఆఫీసులో సొంతంగా రాసుకున్న లైబ్రరీ అయినా, పైథాన్ లేదా రస్ట్ లైబ్రరీ అయినా పద్ధతి ఇదే.

1. ఏ పేజీని దిద్దుతున్నారో ముందు ఖాయం చేసుకోండి

మీ కంప్యూటర్‌లో కనిపించే మాన్ పేజీ పాతది కావచ్చు. డిస్ట్రిబ్యూషన్లు ఒక వెర్షన్ దగ్గర ఆగిపోతాయి, అసలు ప్రాజెక్టు ముందుకు వెళ్లిపోతూ ఉంటుంది. మాన్ కమాండ్‌కు డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే ఆ పేజీ ఏ ఫైల్ నుంచి వస్తోందో చెబుతుంది. పేజీ అడుగున వెర్షన్ ఉంటుంది. లైనక్స్ మాన్ పేజెస్ ప్రాజెక్టు గిట్ రిపాజిటరీని క్లోన్ చేసుకుని అదే పేజీ తాజా రూపాన్ని చూడండి. లైబ్రరీ ఫంక్షన్లన్నీ మూడో విభాగంలో ఉంటాయి. కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, నేరుగా పిలిచే సిస్టమ్ కాల్స్ రెండో విభాగంలో. ఈ తేడా మన పనికి చాలా కీలకం. రీడ్, రైట్ రెండో విభాగానివి, ఎఫ్‌రీడ్, ఎఫ్‌రైట్ మూడో విభాగానివి. బఫర్ ఉన్నది మూడో విభాగం ఫంక్షన్ల వెనకే.

తర్వాత ఆ ఫైల్ గిట్ చరిత్ర చదవండి. మీకు తప్పుగా తోచిన వాక్యాన్ని ఎవరో కావాలనే, ఏదో కారణంతో అలా రాసి ఉండవచ్చు. ఆ కారణం కమిట్ సందేశంలో దొరుకుతుంది. పది నిమిషాల పని ఇది. నేను మాత్రం మొదట్లో దీన్ని వదిలేసి, అప్పటికే దిద్దిన తప్పును మళ్లీ దిద్ది పంపాను. మెయింటెయినర్ సమయం, నా సమయం రెండూ వృథా అయ్యాయి.

2. బైట్ ప్రయాణానికి బొమ్మ గీసుకోండి

కాగితం మీద నాలుగు గడులు గీయండి. బైట్ ఆగే నాలుగు మజిలీలు అవి.

మొదటిది మీ ప్రోగ్రామ్‌లోని అర్రే లేదా వేరియబుల్. రెండోది లైబ్రరీ బఫర్. ఇదీ మీ ప్రాసెస్ మెమరీలోనే ఉంటుంది కాబట్టి ప్రాసెస్ చచ్చిపోతే దీంతోపాటు పోతుంది. మూడోది కెర్నల్ పేజీ క్యాష్, అంటే డిస్క్‌కు వెళ్లాల్సిన డేటాను కెర్నల్ ఉంచుకునే మెమరీ. బైట్ ఇక్కడికి చేరితే ప్రాసెస్ పోయినా బతుకుతుంది, కరెంటు పోతే బతకదు. నాలుగోది డిస్క్.

ఇప్పుడు ఒక్కో గడి మధ్య బాణం గీసి, ఆ బాణం మీద ఏ ఫంక్షన్ ఆ పని చేస్తుందో రాయండి. ఎఫ్‌రైట్, ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ వంటివి ఒకటి నుంచి రెండుకు తీసుకెళ్తాయి. బఫర్ నిండితే, ఎఫ్‌ఫ్లష్ పిలిస్తే, ఎఫ్‌క్లోజ్ చేస్తే, మెయిన్ నుంచి మామూలుగా బయటికి వస్తే రెండు నుంచి మూడుకు వెళ్తుంది. మూడు నుంచి నాలుగుకు కచ్చితంగా వెళ్లాలంటే ఎఫ్‌సింక్ కావాలి. ఫైల్ కొత్తగా సృష్టించినదైతే దాని పేరు ఉన్న డైరెక్టరీకి కూడా వేరుగా ఎఫ్‌సింక్ చేయాలి. ఈ చివరి సంగతి చాలామంది అనుభవజ్ఞులకు కూడా గుర్తుండదు.

బొమ్మలో బాణం లేని దారులను కూడా ఒక పక్కన రాసుకోండి. క్లోజ్ అనే సిస్టమ్ కాల్‌ను నేరుగా ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు కెర్నల్ ఇచ్చే సంఖ్య) మీద పిలిస్తే లైబ్రరీ బఫర్ సంగతి దానికి తెలియదు. అండర్‌స్కోర్ ఎగ్జిట్‌తో బయటపడితే బఫర్ ఫ్లష్ కాదు, అంటే అందులోని డేటా కెర్నల్‌కు వెళ్లదు. కిల్ సిగ్నల్‌తో ప్రాసెస్‌ను చంపినా అంతే. డాక్యుమెంట్‌లో ఫ్లష్ ఎప్పుడు అవుతుందో రాసేవాళ్లు, ఎప్పుడు అవ్వదో రాయడం మరిచిపోతారు. చదివేవాడికి రెండోదే ఎక్కువ అవసరం.

3. ప్రతి క్రియాపదం దగ్గరా ఆగి చదవండి

ఇప్పుడు పేజీ తెరవండి. రాస్తుంది, చదువుతుంది, మూసేస్తుంది, ఖాళీ చేస్తుంది వంటి మాట ఎక్కడ కనిపించినా బొమ్మ పక్కన పెట్టుకుని అడగండి: ఎక్కడి నుంచి ఎక్కడికి? జవాబు ఆ వాక్యంలో గానీ పక్క వాక్యంలో గానీ లేకపోతే పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇలా చదివితే నాకు మళ్లీ మళ్లీ తగిలిన చోట్లు కొన్ని ఉన్నాయి.

రిటర్న్ వాల్యూ. ఎఫ్‌రీడ్ తిరిగి ఇచ్చేది బైట్ల సంఖ్య అని చాలా ట్యుటోరియల్స్ రాస్తాయి. అది ఐటమ్‌ల సంఖ్య. 60 బైట్ల ఫైల్‌ను తెరిచి, ఐటమ్ సైజు 100, సంఖ్య 1 అని అడగండి. జవాబు 0 వస్తుంది. కానీ 60 బైట్లూ చదివేశాక ఫైల్ పొజిషన్ చివరికి జరిగిపోయి ఉంటుంది. అదే ఫైల్‌ను సైజు 1, సంఖ్య 100 అని అడిగితే 60 వస్తుంది. రెండు ఆర్గ్యుమెంట్లు తారుమారైతే ప్రోగ్రామ్ ఏమీ చదవలేదనుకుంటుంది. డాక్యుమెంట్‌లో ఈ ఒక్క ఉదాహరణ ఉంటే చాలు, గంటల కొద్దీ డీబగ్గింగ్ తప్పుతుంది.

తక్కువ సంఖ్య వస్తే అది ఫైల్ అయిపోవడం వల్లా, లోపం వల్లా? ఎఫ్‌రీడ్ ఆ తేడా చెప్పదు. ఎఫ్‌ఈఓఎఫ్, ఎఫ్‌ఎర్రర్‌లను అడిగి తెలుసుకోవాలి. మంచి పేజీలో ఈ మాట రిటర్న్ వాల్యూ విభాగంలోనే ఉంటుంది, ఎక్కడో అడుగున నోట్స్‌లో కాదు.

కారెక్టర్ అనే మాట. తెలుగు టెక్స్ట్‌తో పనిచేసేవాళ్లకు ఇది పెద్ద గొయ్యి. ఎఫ్‌గెట్స్ గురించి పేజీలు ఇచ్చిన సైజు కన్నా ఒకటి తక్కువ కారెక్టర్లు చదువుతుందని చెబుతాయి. అక్కడ కారెక్టర్ అంటే బైట్. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరానికో గుణింతం గుర్తుకో ఇచ్చిన యూనికోడ్ సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు. ‘తెలుగు’ అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని 6 కోడ్ పాయింట్లు, మొత్తం 18 బైట్లు. ఈ మాట ఉన్న ఫైల్ మీద ఎఫ్‌గెట్స్‌కు సైజు 10 ఇవ్వండి. 9 బైట్లు వస్తాయి, ‘తెల’ కనిపిస్తుంది. సైజు 11 ఇవ్వండి. ‘తెల’ తర్వాత కొమ్ములోని మొదటి బైట్ ఒక్కటే వస్తుంది, స్క్రీన్ మీద ఒక చెత్త గుర్తు పడుతుంది. 4096ను 3తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి 4096 బైట్ల ముక్కలుగా తెలుగు ఫైల్ చదివే ప్రోగ్రామ్‌కు ముక్క చివర అక్షరం చీలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇంగ్లిష్ మాత్రమే పెట్టి పరీక్షించేవాళ్లకు ఈ లోపం జన్మలో తగలదు. ఈ వాక్యాన్ని దిద్దడానికి మనకన్నా తగినవాళ్లు లేరని నా నమ్మకం.

ఎఫ్‌గెట్‌సీ తిరిగి ఇచ్చేది ఇంట్. దాన్ని చార్ వేరియబుల్‌లో పెట్టుకునే ఉదాహరణలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. చార్ సైన్డ్‌గా ఉండే మెషీన్‌లో 255 విలువున్న బైట్, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. జేపెగ్ ఫోటో మొదటి బైటే 255. ఆ ఉదాహరణను నమ్ముకుని ఫోటో కాపీ చేసే ప్రోగ్రామ్ రాస్తే సున్నా బైట్ల ఫైల్ చేతికొస్తుంది. చార్ అన్‌సైన్డ్‌గా ఉండే మెషీన్‌లో అదే లూప్ ఎప్పటికీ ఆగదు. యూటీఎఫ్-8 టెక్స్ట్‌లో 255 బైట్ ఎప్పుడూ రాదు, అందుకే టెక్స్ట్ ఫైళ్లతో పరీక్షించినవాడు ధీమాగా ఉండిపోతాడు.

స్టాండర్డ్ అవుట్‌పుట్ బఫరింగ్. టెర్మినల్‌కు వెళ్తుంటే లైన్ అయ్యాక ఫ్లష్, ఫైల్‌కో పైప్‌కో మళ్లిస్తే బఫర్ నిండాక ఫ్లష్. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం ఎక్కడా పూర్తి బఫరింగ్‌లో ఉండదు. లైన్ చివర కొత్త లైన్ గుర్తు పెడితే ఫ్లష్ అయిపోతుందని బేషరతుగా రాసిన పేజీ కనిపిస్తే అది తప్పే.

4. మాటతో కాదు, ప్రోగ్రామ్‌తో తేల్చండి

గీత పెట్టుకున్న ప్రతి వాక్యానికీ ఇరవై లైన్లు మించని ప్రోగ్రామ్ ఒకటి రాయండి. నాకు బాగా ఉపయోగపడిన మూడు చెబుతాను.

లైనక్స్‌లో డెవ్ డైరెక్టరీ కింద ఫుల్ అనే పరికరం ఉంది. దానికి ఏం రాసినా డిస్క్ నిండిపోయిందని లోపం ఇస్తుంది. దాన్ని ఎఫ్‌ఓపెన్‌తో రాయడానికి తెరవండి. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో ‘తెలుగు’ అని రాసి రిటర్న్ వాల్యూ స్టాండర్డ్ ఎర్రర్ మీద చూపించండి. 18 అని వస్తుంది. అంటే అంతా సవ్యం. ఇప్పుడు ఎఫ్‌క్లోజ్ చేసి దాని జవాబు చూపించండి. ఈఓఎఫ్ వస్తుంది, లోపం సంఖ్య ఉండే ఎర్‌నో విలువ 28, డివైస్‌లో చోటు లేదని అర్థం. రాత అబద్ధమని తెలిసింది మూసేటప్పుడు. ఎఫ్‌క్లోజ్ జవాబును చూడని ఉదాహరణ ఏ డాక్యుమెంట్‌లో ఉన్నా దిద్దాలని వాదించడానికి ఈ ఆరేడు లైన్ల ప్రోగ్రామ్ కన్నా గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు. ఎఫ్‌క్లోజ్ విఫలమైనా ఆ స్ట్రీమ్‌ను మళ్లీ తాకకూడదన్న మాట కూడా అదే పేరాలో ఉండాలి. మళ్లీ ఎఫ్‌క్లోజ్ చేసి చూద్దామనుకునేవాళ్లు ఉంటారు.

రెండోది ఎస్‌ట్రేస్, ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపించే కమాండ్. పుట్‌సీతో ఒక్కో బైట్ చొప్పున 10,000 బైట్లు మామూలు ఫైల్‌లో రాసే లూప్ రాసి, దాన్ని ఎస్‌ట్రేస్ కింద నడపండి. నా మెషీన్‌లో జీలిబ్‌సీతో (లైనక్స్‌లో సాధారణంగా ఉండే సీ లైబ్రరీ) రైట్ సిస్టమ్ కాల్స్ మూడే కనిపించాయి: 4096, 4096, 1808. పదివేల పిలుపులు మూడు ప్రయాణాలుగా మారడం కళ్లారా చూశాక బఫర్ ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడోది ఫోర్క్, నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీసే పిలుపు. ప్రింట్‌ఎఫ్‌తో నమస్తే అని ఒక లైన్ రాసి, వెంటనే ఫోర్క్ పిలిచి, రెండు ప్రాసెస్‌లూ మామూలుగా ముగిసేలా చేయండి. టెర్మినల్ మీద నమస్తే ఒకసారి వస్తుంది. అదే ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఫైల్‌కు మళ్లించి ఫైల్ తెరిస్తే రెండుసార్లు ఉంటుంది. ఫోర్క్ అయ్యేటప్పటికి లైన్ ఇంకా బఫర్‌లోనే ఉంది, ప్రాసెస్‌తో పాటు బఫర్‌కూ నకలు తయారైంది, ఇద్దరూ పోతూ పోతూ తమ బఫర్ ఫ్లష్ చేశారు. రెండో గడి ప్రాసెస్ మెమరీలోనే ఉందని నిరూపించడానికి ఇంతకన్నా చిన్న ప్రయోగం లేదు.

5. ఒప్పందం వేరు, అలవాటు వేరు

మీ ప్రోగ్రామ్ చూపించింది మీ మెషీన్‌లో, మీ లైబ్రరీలో జరిగింది. దాన్ని యథాతథంగా డాక్యుమెంట్‌లోకి ఎక్కించకండి. మూడు పొరలు విడివిడిగా చూడాలి. సీ స్టాండర్డ్ ఏం హామీ ఇస్తోంది? యూనిక్స్ తరహా సిస్టమ్స్ ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ దానికి ఏం కలిపింది? జీలిబ్‌సీ సొంతంగా ఏం చేస్తోంది?

బఫర్ సైజునే తీసుకోండి. బఫ్‌సిజ్ అనే స్థిరాంకం జీలిబ్‌సీలో 8192. మజిల్ అనే మరో సీ లైబ్రరీలో 1024. సీ స్టాండర్డ్ చెప్పేది కనీసం 256 ఉండాలని మాత్రమే. పైగా జీలిబ్‌సీ మామూలు ఫైల్‌కు బఫర్ కేటాయించేటప్పుడు ఫైల్‌సిస్టమ్ చెప్పే బ్లాక్ సైజును చూస్తుంది, అందుకే ఎస్‌ట్రేస్‌లో 8192 కాకుండా 4096 కనిపించింది. డాక్యుమెంట్‌లో బఫర్ 8192 బైట్లు అని ఒక్క ముక్కలో రాసేస్తే అది మూడు విధాలుగా తప్పు.

ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ ఇంకా మంచి ఉదాహరణ. సీ స్టాండర్డ్ ప్రకారం అది అనిర్వచిత ప్రవర్తన. పోసిక్స్ 2008 నుంచి వెనక్కీ ముందుకీ జరపగలిగే ఫైళ్లకు దాని అర్థం నిర్వచించింది. లైనక్స్ మాన్ పేజీ కూడా డిస్క్ ఫైల్‌కు చదివి వాడని బఫర్ డేటాను వదిలేస్తుందని, పైప్‌కూ టెర్మినల్‌కూ ఇది వర్తించదని విడమరచి చెబుతుంది. కీబోర్డ్ నుంచి మిగిలిన చెత్తను తుడిచేయడానికి స్టాండర్డ్ ఇన్‌పుట్ మీద ఎఫ్‌ఫ్లష్ వాడమని మన కాలేజీ ల్యాబ్ రికార్డుల్లో ఇప్పటికీ కనిపిస్తూ ఉంటుంది. అక్కడ దాన్ని కొట్టేయడం నిజంగా అవసరమైన దిద్దుబాటు.

హామీ వాక్యాన్ని వివరణ విభాగంలో, అలవాటు వాక్యాన్ని ఏ లైబ్రరీదో పేరు చెప్పి నోట్స్‌లో పెట్టండి.

6. వాక్యం తిరగరాయండి

పాత వాక్యం పైన, కొత్త వాక్యం కింద పెట్టుకుని రాయండి. మా లాగ్ లైబ్రరీ పేజీలో చివరికి మేం రాసింది ఇలా ఉంది.

పాతది: ఇచ్చిన డేటాను ఫైల్‌లో రాస్తుంది. విజయవంతమైతే సున్నా ఇస్తుంది.

కొత్తది: ఇచ్చిన డేటాను స్ట్రీమ్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. బఫర్ నిండితే దానిలోని డేటాను కెర్నల్‌కు అందిస్తుంది. సున్నా వస్తే డేటా బఫర్‌కు చేరిందని మాత్రమే అర్థం. ఫైల్‌కు చేరిందో లేదో ఫ్లష్ లేదా క్లోజ్ ఇచ్చే జవాబును బట్టి తెలుసుకోవాలి. కరెంటు పోయినా డేటా నిలవాలంటే ఫ్లష్ తర్వాత ఎఫ్‌సింక్ పిలవాలి.

ఐదు వాక్యాలైంది. పొడవు పెరిగిందని మొదట నాకూ అనిపించింది. కానీ ఆ ఐదింటిలో దేన్ని తీసేసినా ఎవరికో ఒకరికి మళ్లీ డేటా పోతుంది. సురక్షితంగా, వెంటనే, పూర్తిగా వంటి మాటలు మాత్రం తీసేయండి. వెంటనే అంటే ఏ గడికి? ఆ గడి పేరే రాయండి.

ఇంకో చిక్కు వరుస. రెండు ఫంక్షన్లను ఏ క్రమంలో పిలవాలో డాక్యుమెంట్‌లో స్పష్టంగా ఉండాలి. బఫరింగ్ తీరు మార్చే సెట్‌వీబఫ్‌ను ఫైల్ తెరిచిన తర్వాత, దాని మీద ఇంకే పనీ చేయకముందు పిలవాలి. చదవడానికీ రాయడానికీ కలిపి తెరిచిన ఫైల్‌లో రాత నుంచి చదువుకు మారేముందు ఎఫ్‌ఫ్లష్ గానీ ఎఫ్‌సీక్ గానీ చేయాలి. చదువు నుంచి రాతకు మారేముందు ఎఫ్‌సీక్ లాంటి పొజిషన్ ఫంక్షన్ కావాలి, చదువు ఫైల్ చివరికి చేరి ఉంటే తప్ప. ఇలాంటివి ఒక్కో ఫంక్షన్ పేజీ విడిగా చదివేవాడికి కనపడవు, కాబట్టి సంబంధం ఉన్న ప్రతి పేజీలోనూ ఒక వాక్యం ఉండాలి. ఒకే మాట రెండు చోట్ల ఎందుకని అడిగితే, మనిషి ఒక చోటే చూస్తాడని చెప్పండి.

7. ఉదాహరణ కోడ్‌ను వాక్యాల కన్నా గట్టిగా పట్టించుకోండి

చాలామంది వివరణ చదవరు, ఉదాహరణ కాపీ చేసుకుంటారు. అందుకని ఉదాహరణలోని తప్పు వేల ప్రోగ్రామ్‌లలోకి పాకుతుంది. ఎఫ్‌ఈఓఎఫ్ నిజం కానంత వరకు తిరిగే లూప్ అందుకు పాత సాక్షి. మూడు లైన్ల ఫైల్‌ను ఆ లూప్‌లో ఎఫ్‌గెట్స్‌తో చదివి ప్రింట్ చేస్తే నాలుగు లైన్లు వస్తాయి, చివరిది రెండుసార్లు. ఫైల్ అయిపోయిందన్న జెండా చదవడానికి ప్రయత్నించి విఫలమయ్యాక గానీ లేవదు. ఆ విఫలమైన ఎఫ్‌గెట్స్ అర్రేను ముట్టుకోదు, పాత లైనే మళ్లీ ప్రింట్ అవుతుంది. లూప్ షరతు ఎఫ్‌గెట్స్ జవాబు మీద ఉండేలా మార్చండి, లూప్ బయట ఎఫ్‌ఎర్రర్ చూసే లైన్ ఒకటి పెట్టండి.

బఫర్‌కు సొంత అర్రే ఇచ్చే ఉదాహరణల్లో ఆ అర్రే ఎంతకాలం బతుకుతుందో చూడండి. మెయిన్‌లోని లోకల్ అర్రేను స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు బఫర్‌గా ఇస్తే, మెయిన్ ముగిశాక జరిగే చివరి ఫ్లష్ సమయానికి ఆ అర్రే ఉండదు. సెట్‌బఫ్ మాన్ పేజీ ఈ ప్రోగ్రామ్‌నే చేయకూడని పనికి ఉదాహరణగా చూపించింది, మంచి పని.

మీరు మార్చిన ఉదాహరణను పేజీలో నుంచి బయటికి కాపీ చేసి, హెచ్చరికలన్నీ ఆన్ చేసి కంపైల్ చేయండి, నడపండి. ఎడిటర్‌లో ఉన్నది కాదు, పేజీలో కనిపించేది. మాన్ పేజీలు రాసే ట్రాఫ్ భాషలో బ్యాక్‌స్లాష్‌ను ప్రత్యేకంగా రాయాలి కాబట్టి ప్రింట్‌ఎఫ్‌లోని కొత్త లైన్ గుర్తు పేజీలో చెడిపోవడం మామూలే.

8. మాన్ పేజీ కట్టుబాట్లు

ఇది త్వరగా అయిపోయే భాగం. ప్రతి వాక్యం సోర్స్‌లో కొత్త లైన్‌లో మొదలవ్వాలి, పొడవైన వాక్యాన్ని ఉపవాక్యాల దగ్గర విరవాలి. ఒక మాట మారిస్తే మార్పులు చూపే డిఫ్‌లో ఒక లైనే కనిపించాలన్నది దీని ఉద్దేశం. ఫంక్షన్ పేర్లు బోల్డ్, ఆర్గ్యుమెంట్ పేర్లు ఇటాలిక్. పక్క పేరాలను చూసి అదే మాక్రో వాడండి, కొత్త అలంకారాలు తేకండి. పేజీలో తప్పులు పట్టే మ్యాన్‌డాక్ లింట్, గ్రాఫ్ హెచ్చరికలు రెండూ నడిపి, మాన్ కమాండ్ ఎల్ ఆప్షన్‌తో మీ ఫైల్‌ను తెరిచి కళ్లతో చదవండి.

9. ప్యాచ్ తయారీ

ఒక ప్యాచ్‌లో, అంటే మీ దిద్దుబాటును పంపే ఫైల్‌లో, ఒకే మార్పు. ఎఫ్‌రీడ్ రిటర్న్ వాల్యూ దిద్దుతూ పక్క పేరాలో స్పెల్లింగ్ తప్పు కనిపిస్తే దాన్ని వేరే ప్యాచ్‌గా పెట్టండి. రెండూ కలిపితే స్పెల్లింగ్ దిద్దుబాటుకు అభ్యంతరం లేకపోయినా అసలు దానితో పాటు అదీ ఆగిపోతుంది.

శీర్షికలో ఫైల్ పేరు, తర్వాత విభాగం, తర్వాత ఏం మారిందో. సందేశంలో మూడు సంగతులు ఉండాలి: ఇప్పుడున్న వాక్యం చదివినవాడు ఏమని పొరబడతాడు, నిజంగా జరిగేది ఏమిటి, ఆ నిజానికి ఆధారం ఏమిటి. ఆధారం అంటే స్టాండర్డ్‌లోని క్లాజు, లేదా మీ ఇరవై లైన్ల ప్రోగ్రామ్, దాని అవుట్‌పుట్. లైబ్రరీ వెర్షన్, కెర్నల్ వెర్షన్ కూడా రాయండి. గిట్ కమిట్‌కు ఎస్ ఆప్షన్ ఇచ్చి మీ సంతకం లైన్ జోడించండి. ఫార్మాట్ ప్యాచ్‌తో ఫైల్ తయారు చేసి, సెండ్ ఈమెయిల్‌తో ముందు మీకు మీరే పంపుకుని, అది శుభ్రంగా అప్లై అవుతుందో చూసుకుని, ఆ తర్వాతే ప్రాజెక్టుకు పంపండి. కొన్ని మెయిల్ ప్రోగ్రామ్‌లు ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చి ప్యాచ్‌ను పాడుచేస్తాయి.

మీ ఆఫీసు లైబ్రరీ అయితే హెడర్ ఫైల్‌లోని కామెంటే డాక్యుమెంట్ కావచ్చు. అప్పుడు ఆ ఇరవై లైన్ల ప్రోగ్రామ్‌ను టెస్ట్ సూట్‌లో చేర్చేయండి. రేపు ఎవరైనా ఫ్లష్ తీరు మారిస్తే టెస్ట్ విఫలమవుతుంది, కామెంట్ కూడా మార్చాలని వాళ్లకు గుర్తొస్తుంది.

10. జవాబు వచ్చాక

మొదటిసారే ఒప్పుకుంటారని అనుకోకండి. సాధారణంగా వచ్చే ప్రశ్న: ఇది అన్ని సిస్టమ్స్‌లోనూ నిజమేనా? ఐదో మెట్టులో పొరలు విడదీసుకున్నవాళ్ల దగ్గర జవాబు ఉంటుంది. రెండో ప్రశ్న మాటల గురించి: ఇంత పొడవెందుకు? అప్పుడు వాక్యం కుదించండి, బైట్ ఎక్కడుందో చెప్పే మాటను మాత్రం వదులుకోకండి. ఏదైనా తగ్గించాలంటే విశేషణాలు తగ్గించండి.

దిద్దిన రూపాన్ని పంపేటప్పుడు ఫార్మాట్ ప్యాచ్‌కు వీ2 ఆప్షన్ ఇవ్వండి, శీర్షికలో రెండో వెర్షన్ అని దానంతటదే పడుతుంది. మొదటి దానికీ దీనికీ మధ్య ఏం మారిందో మూడు డాష్‌ల గీత కింద రాయండి. ఆ గీత కింద ఉన్నది కమిట్‌లోకి వెళ్లదు, చదివేవాళ్లకు మాత్రం కనిపిస్తుంది. డెవ్ ఫుల్ మీద నడిపిన ప్రోగ్రామ్ అవుట్‌పుట్ పొడవైతే అక్కడే అతికించండి.